ఏజెన్సీలో ట్రెక్కింగ్‌కి ఊరి గైడ్ తప్పనిసరి చేయాలా?

కొండదారి (ఎంవీపీ కాలనీ)

ప్రశ్న సూటిగా పెడుతున్నాను. అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి వైపు అడవిలోకి నడిచివెళ్లే ప్రతి బ్యాచ్‌కీ ఆ ఊరి గిరిజన గైడ్ ఉండాలని నిబంధన పెట్టాలా, వద్దా? పెట్టాలన్నదే నా వాదన. ఆ గైడ్‌ని ఎంచేది కూడా విశాఖలో కూర్చున్న ఆర్గనైజర్ కాకూడదు, ఊరి గ్రామసభే ఎంచాలి.

చలికాలం వస్తే శుక్రవారం రాత్రికి ఎన్‌ఏడీ జంక్షన్ నుంచే బైకులు, టెంపోలు పాడేరు వైపు బారులు తీరుతున్నాయి. తెల్లారేసరికి వంజంగి కొండ మీద నిలబడ్డానికి చోటుండదు. ఈ వ్యాపారమంతా నడిచేది విశాఖలో, ఫోన్ల మీద. ఇన్‌స్టాలో ఒక పోస్టర్, వాట్సాప్ గ్రూపులో ఒక లింకు, తలకింత అని వసూలు. అందులో కొండ మీది ఊరికి దక్కేది టీ డబ్బులు, పార్కింగ్ డబ్బులు. దారి చూపించిన కుర్రాడికి చివర్లో ఎవరో ఒకరు జాలిపడి వందో రెండొందలో చేతిలో పెడతారు. ఇవ్వకపోతే అడిగే నాథుడు లేడు. జనం దిగిపోయాక పైన మిగిలేవి బిర్యానీ పొట్లాలు, పగిలిన బీరు సీసాలు. చెప్పుల్లేకుండా పశువుల్ని తోలుకెళ్లే పిల్లలు ఆ దారినే నడవాలి.

వేరే చోట్ల ఇది కుదిరింది. కేరళలోని పెరియార్ అడవిలో ఒకప్పుడు దొంగచాటుగా చెట్ల బెరడు ఒలిచి అమ్ముకున్నవాళ్లనే 1990ల చివర్లో అటవీ శాఖ కూడగట్టింది. వాళ్లే టూరిస్టులకి గైడ్లయ్యారు, అడవికి కాపలా కూడా వాళ్లే కాశారు. మన్నాన్, పళియర్ తెగలవాళ్లకీ అక్కడ ట్రెక్కింగ్ సంఘాలున్నాయి. పెరూ దేశంలో, అమెజాన్ అడవిలోని ఇన్ఫియెర్నో అనే ఊరు 1996లో ఒక టూరిజం కంపెనీతో 20 ఏళ్ల ఒప్పందం రాసుకుని లాడ్జి కట్టింది. లాభంలో ఊరికి 60 శాతం, కంపెనీకి 40 శాతం. ఊరివాళ్లు అందులో పనివాళ్లుగా ఆగిపోలేదు, కమిటీలో కూర్చుని నిర్ణయాలు చేశారు. అంత దూరం ఎందుకు, మన పక్కనే కంబాలకొండలో శంభువానిపాలెం వనసంరక్షణ సమితిని అటవీ శాఖ ఎకో టూరిజంలోకి తీసుకుంది. దారి ఉంది, నడిపించే ఉద్దేశమే ఉండాలి.

వీకెండ్ రైడర్ (గాజువాక)

ఉద్దేశం మంచిదే బ్రో, 'తప్పనిసరి' అన్న దగ్గరే నాకు తేడా కొడుతోంది. మన దగ్గర ఏది తప్పనిసరి చేసినా ముందు ఒక గేటు లేస్తుంది, ఆ గేటుని పాట పాడుకున్నవాడు ఒకడొస్తాడు. పోయిన సీజన్లో ఒక వ్యూ పాయింట్ దగ్గర పార్కింగ్ అని ఒకరు, ఎంట్రీ అని ఇంకొకరు, ఊరి కమిటీ అని మూడో ఆయన డబ్బులు అడిగారు. ముగ్గురికీ కట్టాం. ఒక్కరూ రసీదు ఇవ్వలేదు. ఆ కమిటీలో ఎవరున్నారని అడిగితే "ఇష్టమైతే పైకెళ్లండి, లేకపోతే బండి తిప్పండి" అన్నారు. గైడ్ రూల్ వస్తే నాలుగో చెయ్యి చాస్తారు, అంతే తేడా.

ఇంకోటి. షిఫ్టు దిగి, ఫ్రెండ్స్‌తో పెట్రోలు పంచుకుని వెళ్లేవాళ్లం మేము. రిసార్ట్‌లో దిగే కారు పార్టీకి వెయ్యి రూపాయలు లెక్క కాదు, మాకది ట్రిప్పు ఖర్చులో సగం. చాపరాయి లాంటి రోడ్డు పక్క చోటికి కూడా గైడ్ అంటే అర్థం లేదు. కొండ అందరిదీ. చెత్త వేసినవాడికి గట్టిగా ఫైన్ వెయ్యండి, మొదట చెయ్యి ఎత్తేది నేనే.

అనంతగిరి కుర్రోడు

నాది అనంతగిరి మండలం. విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. సెలవుల్లో మా ఊరి దగ్గరి జలపాతానికి జనాన్ని తీసుకెళ్తుంటాను.

రైడర్ అన్నా, రసీదు లేకుండా వసూలు చేయడం తప్పే. మావాళ్లు చేసినా తప్పే. కానీ 'కొండ అందరిదీ' అన్న మాట మాత్రం మేము ఒప్పుకోలేం. మా మండలంలోనే బొర్రా చుట్టుపక్కల ఊళ్ల భూముల్ని గనులకి లీజుకిస్తే, ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సమత అనే సంస్థ వేసిన కేసులో వచ్చిన 1997 నాటి సమత తీర్పు అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని కోర్టు చెప్పింది. మా భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం అంతకు ముందు నుంచే ఉంది. అయినా మావాళ్ల పేరు మీద బోర్డు పెట్టి టెంట్ల వ్యాపారం చేసేవాళ్లు కింద నుంచి వస్తూనే ఉన్నారు. పేరుకి మా బంధువు ఓనరు, డబ్బు పెట్టేది, తీసుకెళ్లేది ఇంకొకరు.

గైడ్ ఎందుకు, ఫోన్‌లో మ్యాప్ ఉంది కదా అంటారు. వాగు దాటే ముందు మేము నీళ్లని చూస్తాం. అప్పటిదాకా తేటగా ఉన్న నీళ్లు కాస్త ఎర్రబారి, ఎండుటాకులు, సన్న పుల్లలు గుంపుగా కొట్టుకొస్తున్నాయంటే పైన ఎక్కడో గట్టి వాన పడుతున్నట్టే. మన నెత్తిన ఎండ కాస్తూనే ఉంటుంది. అప్పుడు ఇవతలి ఒడ్డునే ఆగిపోవాలి. బయటివాళ్లు ఆగరు, ఫొటో కోసం బండ మధ్యకి వెళ్తారు. బండ మీది నాచు పొడిగా కనిపిస్తుంది కానీ తడి కాలు పడగానే జారుతుంది. సరియా జలపాతం దగ్గర ప్రాణాలు పోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు.

ఇప్పుడు కొండదారి అన్నకి ఒక మాట. మీ సీజన్ నవంబర్ నుంచి జనవరి. మాకు కాఫీ కోతలూ అప్పుడే. కాఫీ అంతా ఒకేసారి పండదు. ఎర్రబడ్డ పండు మాత్రమే ఏరుకుని, పచ్చివి వదిలి, కొన్ని రోజులాగి మళ్లీ అదే చెట్టు దగ్గరికి రావాలి. ఆలస్యం చేస్తే పండు రాలిపోతుంది. కోత రోజున నన్ను గైడ్‌గా రమ్మంటే మా అమ్మ ఒక్కతే కోసుకోవాలి. 'ప్రతి బ్యాచ్‌కీ గైడ్' అని పైనుంచి ఆర్డర్ వేస్తే, ఎన్ని బ్యాచ్‌లొస్తే అన్నిటికీ మేము లేచి నిలబడాలన్న మాట. అది మాకు పనికిరాదు. వారానికి ఎన్ని బ్యాచ్‌లు, ఏ దారిలో, ఏ రోజుల్లో అన్నది ఊరు తేల్చాలి. ఫలానా రోజుల్లో అసలు రావద్దు అని చెప్పే అధికారం ఊరికి ఉండాలి. మేము అడవిలో వేటకెళ్లే ఇటుకల పండగకి మా దారులు మాకు కావాలి. ఆ అధికారం లేకుండా గైడ్ ఉద్యోగం ఒక్కటే ఇస్తే మేము ఇంకొకరి వ్యాపారంలో కూలీలమే.

బేస్‌క్యాంప్ (సీతమ్మధార)

ట్రెక్కులు నిర్వహించేవాడిని కాబట్టి మా వైపు ఇబ్బంది కూడా చెప్పాలి. అడవిలో ఎవరికైనా చీలమండ విరిగితే రోడ్డు దాకా మోసుకు రావాల్సిందే. అక్కడి గర్భిణులకే ఇంకా డోలీ తప్పడం లేదు. ఇన్సూరెన్స్ ఎవరు కట్టాలి? ప్రాణం మీదికి వస్తే కేసు ఎవరి మీద, గైడ్ మీదా, గ్రామసభ మీదా?

2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చులో చిక్కుకుని 23 మంది చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ ట్రెక్కింగ్‌కి నిబంధనలు వచ్చాయి. 2024 అక్టోబర్‌లో 'ట్రెక్ తమిళనాడు' పేరుతో 40 దారులు తెరిచారు. అడవి ఊళ్ల కుర్రాళ్లకి, గిరిజన యువతకి శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టారు. బుకింగ్ ఆన్‌లైన్, ధర ముందే తెలుస్తుంది. నేనడిగేది అదే. పుట్టిన ఊరు ఒక్కటే అర్హత అయితే నా బ్యాచ్‌ని నేను వాళ్ల చేతిలో పెట్టలేను. ప్రథమ చికిత్స రావాలి, మంట లేస్తే ఎటు తీసుకెళ్లాలో తెలియాలి. రిజర్వ్ ఫారెస్ట్ అయితే అటవీ శాఖ అనుమతి ఎలాగూ కావాలి. గ్రామసభ తీర్మానం ఒక్కటే చూపిస్తే కుదరదు.

మొక్కల మాస్టారు (పెదవాల్తేరు)

ముందు ఒక సవరణ. అరకు ట్రెక్కుల పోస్టర్ల మీద 'రెయిన్‌ఫారెస్ట్' అని వేస్తున్నారు. మనవి ఎక్కువ భాగం తేమ ఉన్న ఆకురాల్చే అడవులు. ఏడాదంతా పచ్చగా ఉండేది వాగుల వెంబడి, లోయల్లో అక్కడక్కడా. అసలైన వర్షారణ్యం చూడాలంటే పడమటి కనుమలకి, తిరువనంతపురం దగ్గరి అగస్త్యకూడం లాంటి చోటికి వెళ్లాలి.

అక్కడ గైడ్లు కాణి తెగవాళ్లు. వాళ్లకి జరిగింది ఇక్కడ అందరూ తెలుసుకోవాలి. 1987లో కొందరు శాస్త్రవేత్తలు ఆ కొండలెక్కుతూ అలసిపోతుంటే, వెంట ఉన్న కాణి గైడ్లు మాత్రం హుషారుగా నడుస్తున్నారట. మధ్యమధ్యలో ఏవో చిన్న కాయలు నములుతున్నారు. ఆ మొక్కే ఆరోగ్యపచ్చ. దాని నుంచి కేరళలోని ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ 'జీవని' అనే మందు తయారుచేసి, 1995లో ఒక ఆయుర్వేద మందుల కంపెనీకి లైసెన్స్ ఇచ్చింది. లైసెన్స్ ఫీజులో, రాయల్టీలో సగం కాణిలకి అన్నారు. 1997లో వాళ్ల పేరున ట్రస్టు ఏర్పడింది. అందరినీ అడగకుండానే ఒప్పందం చేసుకున్నారని కాణిల్లోనే అసంతృప్తి వచ్చింది, అదీ నిజమే.

మన ఏజెన్సీలో ఆ మాత్రం కూడా లేదు. ఏ వేరు ఏ జబ్బుకి వాడతారో గైడ్‌తో చెప్పించి, వీడియో తీసి, యూట్యూబ్‌లో పెట్టేస్తున్నారు. ఛానల్‌కి వచ్చే డబ్బు ఎవరిది? గైడ్‌తో కుదుర్చుకునే కాగితంలో ఫొటోలు, వీడియోలు, మొక్కల నమూనాల సంగతి కూడా రాయాలి. నేను ఈ చర్చలోకి వచ్చింది ముఖ్యంగా దీని గురించే.

బడి గంట (పాడేరు)

ఇక్కడ హైస్కూల్లో పాఠం చెప్తాను. సీజన్లో శనివారం, సోమవారం మగపిల్లల హాజరు పడిపోతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు టూరిస్టుల బ్యాగులు మోస్తున్నారు. సాయంత్రానికి చేతిలో డబ్బు చూసినవాడికి లెక్కల క్లాసు ఎక్కదు. గైడ్‌కి 18 ఏళ్లు నిండాలన్నది మొదటి షరతు కావాలి. సామాను మోయించి కూలి తేల్చకపోవడం ఈ కొండలకి కొత్త కూడా కాదు. గూడెం వైపు రోడ్డు పనుల్లో డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ సరిగా కూలి ఇవ్వకుండా చేయించిన చాకిరీ 1922 మన్యం పితూరీకి ఒక కారణం.

ఇంకా ఎవరూ ఆడవాళ్ల ఊసెత్తలేదు. ఇరవై మంది బ్యాచ్ ఊళ్లో దిగితే చీకటితో లేచి నీళ్లు మోసేది, చోడి అంబలి కాచేది, కోడి కోసి వండేది వాళ్లు. డబ్బు తీసుకునేది ఇంటాయన. రాత్రి పదింటికి తాగి ఉన్న జనం ముందు థింసా ఆడమంటారు. వద్దనడానికి వాళ్లకి ధైర్యం ఉండదు.

అనంతగిరి తమ్ముడూ, ఊరికి 'రావద్దు' అనే అధికారం ఉండాలన్నావు. మాస్టారు చెప్పిన అగస్త్యకూడంలోనే, అది పవిత్రమైన చోటని, ఆడవాళ్లు ఎక్కకూడదని కాణిలు అభ్యంతరం చెప్పారు. 2018లో కేరళ హైకోర్టు ఆడవాళ్లని ఆపకూడదంది. 2019 జనవరిలో ఆడవాళ్లు ఆ కొండ ఎక్కారు. రేపు మీ గ్రామసభ అలాంటి తీర్మానమే చేస్తే నువ్వు ఎటు?

అనంతగిరి కుర్రోడు

మేడమ్, ఇది పెద్ద ప్రశ్న, దాటెయ్యను. దేవుడి చోటికి బయటివాళ్లు ఆడా మగా ఎవరూ రావొద్దు అంటే ఊరి వైపు నిలబడతాను, కోర్టుకెళ్లినా సరే. ఆడవాళ్లు మాత్రమే రావొద్దు అంటే నిలబడను. మా పెద్దలతో ఆ మాట మీద గొడవ పడాల్సి వస్తుంది, పడతాను. అటవీ హక్కుల చట్టం నియమాల ప్రకారం గ్రామసభకి కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతైనా ఆడవాళ్లు ఉండాలి. నిజంగా అలా కూర్చుంటే వంట డబ్బు ఎవరి చేతికి వెళ్లాలో వాళ్లే తేలుస్తారు. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే నలుగురు మగాళ్లు సంతకాలు పెట్టి గ్రామసభ అయిపోయిందంటున్నారు.

బేస్‌క్యాంప్ అన్నా, శిక్షణ మాకూ కావాలి. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ద్వారా ఊళ్లోనే ఇప్పించండి, పది రోజులు విశాఖ వచ్చి ఉండమంటే కోతల్లో ఎవరూ రారు. ఇన్సూరెన్స్ మాత్రం టికెట్టు అమ్మినవాళ్లే కట్టాలి.

వీకెండ్ రైడర్ (గాజువాక)

కంపల్సరీ రూల్‌కి నేను ఇప్పటికీ వ్యతిరేకమే. కానీ తమ్ముడు చెప్పినట్టు ఊరు దారులు తేల్చి, ధర బోర్డు మీద రాసి, రసీదు ఇస్తే నేను కట్టకుండా వెళ్లను. రోడ్డు పక్క చోట్లకి మినహాయింపు ఉండాలి. లోపలికి నడిచే దారికి ఆరుగురికి ఒక గైడ్, రోజుకి వెయ్యి. ఒప్పుకుంటారా?

అనంతగిరి కుర్రోడు

రోడ్డు పక్కకి మాకూ గైడ్ అక్కర్లేదు, అక్కడ చెత్త ఎత్తడానికి డబ్బు కడితే చాలు. వెయ్యి అంటే మామూలు రోజుల్లో సరే. కోతల నెలల్లో నా బదులు కూలి మనిషిని పెట్టుకోవాలి కాబట్టి పదిహేను వందలు. ఊరి నిధికి వేరే.

బడి గంట (పాడేరు)

ఆ వెయ్యిలో వంట ఉందా?

అనంతగిరి కుర్రోడు

లేదు మేడమ్. వంట లెక్క విడిగా రాయాలి, రసీదు వండినవాళ్ల పేరు మీదే ఇవ్వాలి. వచ్చే గ్రామసభలో ఈ మూడు లెక్కలూ కాగితం మీద పెడతాను: గైడ్, వంట, ఊరి నిధి. మాస్టారు చెప్పిన వీడియోల సంగతి ఎలా రాయాలో నాకు తెలీదు, మాస్టారూ, మీరు ఒక ముసాయిదా రాసి పంపితే ఊళ్లో చదివి వినిపిస్తాను.