పెట్రోల్ ముల్లు తప్పు చూపిస్తోంది: లోపం ట్యాంకులోనా, మీటర్‌లోనా?

నమస్కారం. మాది 2011 మోడల్ పెట్రోల్ కారు. రెండు నెలలుగా ఫుల్ ట్యాంక్ చేయించినా ముల్లు సగం దాటడం లేదు. స్పీడ్ బ్రేకర్ దిగితే ఒక్కసారిగా పైకి లేచి మళ్లీ పడిపోతుంది. మొన్న అమ్మను హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, సూర్యాపేట దాటాక పావు ట్యాంక్ చూపిస్తూనే పెట్రోల్ అయిపోయి బండి ఆగిపోయింది. ఆ ఎండలో ఆమెను రోడ్డు పక్కన కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆ బాధ ఇంకా పోలేదు.

మెకానిక్ మీటర్ మొత్తం మార్చాలంటున్నాడు. నాకు నమ్మకం కలగడం లేదు, ఎందుకంటే స్పీడ్, టెంపరేచర్ బాగానే చూపిస్తున్నాయి. వెనక సీటు కింద మూత తీసి, ట్యాంకులో పెట్రోల్ మట్టాన్ని బట్టి తేలుతూ మీటర్‌కు సిగ్నల్ పంపే ఫ్లోట్ యూనిట్ కనెక్టర్ శుభ్రం చేశాను, ఎర్త్ వైరు కూడా బిగించాను. ఆ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి కారును అటూ ఇటూ ఊపితే ఓమ్స్ (విద్యుత్ నిరోధం) రీడింగ్ సాఫీగా మారకుండా మధ్యమధ్యలో తెగిపోతోంది.

అంటే ఫ్లోట్ కదలికను బట్టి నిరోధం మార్చే రెసిస్టర్ పట్టీ అరిగిపోయినట్టేనా? ఫ్లోట్ యూనిట్ విడిగా దొరుకుతుందా, ట్యాంకులోని ఫ్యూయల్ పంపుతో కలిపే కొనాలా? పట్టీని శుభ్రం చేసి వాడుతున్నవాళ్లుంటే, ఆ రిపేరు ఎన్నాళ్లు నిలిచిందో దయచేసి చెప్పండి. పదో తేదీన అమ్మతో మళ్లీ ప్రయాణం ఉంది. ప్రస్తుతానికి ట్యాంక్ నింపినప్పుడల్లా ట్రిప్ మీటర్ సున్నా చేసి, కిలోమీటర్లు లెక్కపెట్టుకుంటూ నడుపుతున్నాను.