షూబర్ట్ ఆల్బమ్‌లో ముందు ఏది వినాలి?

అలిపిరి వాసి: మాది తిరుపతి, కర్ణాటక ఫిడేలు నేర్చుకుంటున్నా. ‘అన్‌ఫినిష్డ్’ సింఫనీ, ‘ట్రౌట్’ క్వింటెట్ కలిసున్న, పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త షూబర్ట్ ఆల్బమ్ దొరికింది. కొండకెళ్తూ బస్సులో సింఫనీ పెడితే మొదట్లో ఏమీ వినపడలేదు, సౌండ్ పెంచాక చెవులు చిల్లులు పడ్డాయి. రికార్డింగే బాగాలేదా?

చిత్తూరు శ్రోత: రికార్డింగ్ తప్పేం లేదండీ. మొదలే చెల్లోలు, డబుల్ బాస్‌లు (పెద్ద ఫిడేళ్లలాంటివి) కింది స్థాయిలో చాలా మెల్లగా వాయిస్తాయి, ఘాట్ రోడ్డెక్కే బస్సు మోతలో అదెక్కడ వినిపిస్తుంది! రాత్రి ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, కాసేపటికి ఓబో, క్లారినెట్ అనే ఊదే వాయిద్యాలు కలిసి ఒకే వరస ఎత్తుకుంటాయి, ఏది ఏదో పోల్చుకోలేం.

గాలిగోపురం: నన్నడిగితే ముందు ట్రౌటే. 1819 నాటిది, వాయించేది ఐదుగురే కాబట్టి ఎవరేం చేస్తున్నారో తెలుస్తుంది. నాలుగో భాగంలో షూబర్ట్ తన ‘ట్రౌట్’ పాటనే తీసుకుని వేరియేషన్లు (అదే వరసకు రకరకాల మార్పులు) అల్లాడు, ముందు తీగ వాయిద్యాలే, పియానో తర్వాత చేరుతుంది. సంగతులు వేసే మీకు ఇట్టే పట్టుబడుతుంది, కాకపోతే అందులో రాగాలు వెతక్కండి.

అలిపిరి వాసి: సరే. సింఫనీ రెండు భాగాలకే ఆగిపోయింది, మిగతా ట్రాకులు ఎగిరిపోయాయా?

చిత్తూరు శ్రోత: లేదండీ, 1822లో ఆయన పూర్తిగా రాసింది ఆ రెండే. 1828లో 31 ఏళ్లకే పోయాడు, దాని మొదటి కచేరీ జరిగిందేమో 1865లో!