మైల్స్ డేవిస్, మాంట్రో 1991: స్వరాలు పగిలిన కచేరీకి ఇంత కన్నీళ్ళెందుకు?

ఎర్రకోటు:

అందరికీ నమస్కారం. జాజ్ నాకు పెద్దగా తెలియదు. ట్రంపెట్ మాత్రం కాస్త తెలుసు. మా నాన్న తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో ముప్ఫై ఏళ్ళు పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ వాయించాడు. దాన్ని ఎవరైనా బాకా అన్నారంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది. "బాకా పొగిడేవాడు ఊదేది, ఇది మనిషి వాయించేది" అంటాడు.

విషయానికొస్తాను. 1991 జులై 8న స్విట్జర్లాండ్‌లోని మాంట్రో జాజ్ ఫెస్టివల్‌లో అమెరికన్ జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ పెద్ద ఆర్కెస్ట్రాతో వాయించిన కచేరీ మొన్న రాత్రి విన్నాను. ఆర్కెస్ట్రాని నడిపించింది క్విన్సీ జోన్స్. ఏ వాద్యం ఎక్కడ ఏం వాయించాలో రాసిపెట్టిన, ముప్ఫై ఏళ్ళకి పైబడిన పాత అమరికలు. గిల్ ఎవాన్స్ రాసినవి. విన్నవాళ్ళలో సగంమంది "ఏడుపొచ్చింది" అంటున్నారు. నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది.

ఎందుకంటే స్వరం పగిలే ఆ చప్పుడు నాకు తెలుసు. మాఘంలో ముహూర్తాలు వరసగా పడేవి. నాలుగో రోజుకల్లా నాన్న పై పెదవి వాచిపోయేది. పెరట్లో నులక మంచం మీద కూర్చుని, తడిగుడ్డ మడత పెట్టి పెదవికి ఒత్తుకునేవాడు. ఆ సాయంత్రం ఊరేగింపులో పల్లవి ఆయనే ఎత్తుకునేవాడు. పాట పైకి వెళ్ళాల్సిన చోటికి రాగానే నాన్న క్లారినెట్ వాయించే ఆయనకేసి కనుబొమ్మ ఎగరేసేవాడు. మిగతాది ఆ క్లారినెట్ ఆయన అందుకునేవాడు. పెళ్ళివారికి తెలిసేది కాదు. పక్కన పెట్రోమాక్స్ దీపం మోసే పిల్లాణ్ణి నేనే కాబట్టి నాకు తెలిసేది.

మాంట్రోలోనూ అదే జరిగిందని నా అనుమానం. పక్కన ఇంకో ట్రంపెట్ ఆయన, వాలెస్ రోనీ ఉన్నాడు. గట్టి చోట్లు ఆయనవి. మరి నేను విన్నది ఎవరిని? మైల్స్ ఆ సెప్టెంబరు 28న పోయారు, మూడు నెలలు కూడా తిరగలేదు. ఆ సంగతి తెలియకపోతే మీరంతా ఇలాగే వినేవారా? నిజం చెప్పండి.

మూడో వాల్వు:

మంచి ప్రశ్న అడిగారు. చిన్నప్పుడు చర్చి బ్యాండులో ఆరేళ్ళు కార్నెట్ (ట్రంపెట్ లాంటిదే) వాయించాను, ఆ అర్హతతో రాస్తున్నా.

ట్రంపెట్‌కి ఉన్నవి మూడే వాల్వులు. ఒకే వేళ్ళు నొక్కి ఐదారు స్వరాలు పలికించొచ్చు. ఏది పలకాలో తేల్చేది పెదవే. అందుకే పెదవి ఒక్క వెంట్రుకవాసి వదులైనా కావలసిన స్వరం పలకదు, పక్కది పలుకుతుంది, లేదా రెంటి మధ్యలో ఇరుక్కుని పగులుతుంది. మీ నాన్నగారికి ఇది నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఇంకోటి ఉంది. మైల్స్‌కి చిన్నప్పుడు ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో పాఠం చెప్పిన ఎల్‌వుడ్ బుకానన్ మాస్టారికి స్వరాన్ని వణికించడం గిట్టేది కాదు. ముసలితనంలో ఎలాగూ వణుకుతావు, ఇప్పటినుంచే ఎందుకురా అన్న ధోరణి. ఆ మాట మైల్స్ జీవితాంతం పట్టుకున్నాడు. ఆయన స్వరం తాడు లాగి కట్టినట్టు తిన్నగా ఉంటుంది. అలాంటి స్వరంలో చిన్న బీట కూడా దాగదు. వణికించి వాయించేవాళ్ళకి ఆ వణుకే ముసుగు, ఈయనకి అదీ లేదు.

పైగా ఆయన స్వరాలు పగలడం 1991లో మొదలైంది కాదు. 1965 డిసెంబరులో షికాగోలో ప్లగ్డ్ నికెల్ అనే క్లబ్బులో వాయించినవి వినండి. అప్పటికి ఆయనకి 39 ఏళ్ళు. ఆ ఏడాది తుంటి ఆపరేషను వల్ల నెలల తరబడి వాయించలేదు. పెదవి ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. స్వరాలు జారుతూనే ఉంటాయి. అయినా ఆ రికార్డింగులని ఎంత గొప్పగా చెప్పుకుంటారో చూడండి. 1975 నుంచి అయిదారేళ్ళు వాద్యం ముట్టుకోలేదు. 1982లో పక్షవాతం లాంటిది వచ్చి కుడిచెయ్యి సరిగ్గా పనిచెయ్యలేదు, వాల్వులు నొక్కే చెయ్యి అదే. అన్నీ దాటుకుని వచ్చిన మనిషి.

కాబట్టి ఆ పగుళ్ళు పెదవి అలసటేనా అన్న మీ మొదటి సందేహానికి నా జవాబు: జబ్బూ ఉంది, తీరూ ఉంది. ఏది ఎంతో విడదీయడం మాత్రం నా వల్ల కాదు.

ఉప్పుకారం:

నేను ఒక్క ముక్కలో చెప్తా. పోయినోళ్ళంతా మంచోళ్ళు. ఆ రికార్డు 1993లో వచ్చింది, దానికి గ్రామీ కూడా ఇచ్చారు. ఆయన బతికుంటే దాన్ని విడుదల చెయ్యనిచ్చేవాడా అని నా డౌటు. అసలు పాతవి మళ్ళీ వాయించడమంటేనే పడని మనిషి. 1957 నాటి 'మైల్స్ అహెడ్' రికార్డు ఇంట్లో ఉండగా 1991ది ఎందుకు వినాలి? తాజా ఇడ్లీ పక్కనే పెట్టుకుని నిన్నటిది వేడి చేసుకుని తిన్నట్టు.

వెనకపాట:

ఉప్పుకారం గారూ, నిన్నటి ఇడ్లీకి పోపు పెడితే ఉప్మా అవుతుంది, దాని రుచి దానిదే. సరే, అది పక్కన పెడదాం.

ఎర్రకోటు గారి రెండో ప్రశ్న నన్ను పట్టుకుంది: నేను విన్నది ఎవరిని అని. కచేరీలకి తిరిగే మాలాంటివాళ్ళకి ఇది కొత్త కాదు. పెద్ద విద్వాంసుడు డెబ్భై దాటాక వేదిక మీద వెనక తంబురా పక్కన శిష్యుడు కూర్చుంటాడు. గురువు గారు తారస్థాయి షడ్జం దగ్గరికి వెళ్ళి ఊపిరి చాలక ఆగితే శిష్యుడు అక్కణ్ణుంచి అందుకుంటాడు. ఆ అందుకోవడంలో పెద్ద మర్యాద ఉంది. ముందే దూకకూడదు, ఆలస్యం చెయ్యకూడదు, గురువు కంటే గట్టిగా పాడకూడదు. గురువు మళ్ళీ ఎత్తుకోగానే సగం సంగతిలో ఉన్నా సరే ఆపేయాలి.

రోనీ వాయింపు ఆ చెవితో వినండి. రిహార్సల్స్‌లో మైల్స్ వంతు వాయించడానికి పిలిచారు ఆయన్ని. మైల్స్ విని, కచేరీలో కూడా తన పక్కనే ఉండి పంచుకోమన్నాడు. ఇద్దరికీ పరిచయం అంతకుముందే ఉంది. కుర్రాడి వాయింపు నచ్చి మైల్స్ తన ట్రంపెట్ ఒకటి ఇచ్చేశాడు కూడా. ఆ రాత్రి రోనీకి 31 ఏళ్ళు. వేగంగా పరిగెత్తే చోట్లా, బాగా పైకెక్కే చోట్లా అతను ఉన్నాడు, నిజమే. ఆల్టో శాక్సఫోన్‌తో కెన్నీ గారెట్ కూడా ఒక చెయ్యి వేశాడు. కానీ రోనీ తన గొప్ప చూపించడానికి ఒక్క స్వరం ఎక్కువ వేసినట్టు నాకైతే అనిపించలేదు. మైల్స్ పోయాక ఆయన పాత బృందం వాళ్ళు, హెర్బీ హాన్‌కాక్, వేన్ షార్టర్, రాన్ కార్టర్, టోనీ విలియమ్స్, స్మృతిగా కచేరీలు చేసినప్పుడు ట్రంపెట్ స్థానంలో నిలబెట్టింది ఈ రోనీనే. ఆయనా 2020లో కోవిడ్‌తో పోయాడు.

మీ నాన్నగారి క్లారినెట్ ఆయన కూడా ఇలాంటివాడే అయ్యుంటాడు.

ఎర్రకోటు:

వెనకపాట గారూ, పోలిక బాగుంది, కానీ పూర్తిగా ఒప్పుకోలేను. గురుశిష్యుల సంగతి సభలో అందరికీ తెలుసు. శిష్యుడి పేరు కార్డులో వేస్తారు. మా క్లారినెట్ ఆయన పేరు ఎవరికీ తెలియదు. నాన్న రాత్రి కూలి పంచేటప్పుడు తన వాటాలోంచి ఓ యాభై తీసి ఆయన జేబులో పెట్టేవాడు. ఇద్దరూ ఆ విషయం మాట్లాడుకోగా నేను వినలేదు. మాంట్రోలో రోనీ పక్కనే, వెలుగులోనే ఉన్నాడు. అంటే దాపరికం లేదు. నిన్నటిదాకా నాకు కష్టంగా ఉన్నది ఆ దాపరికమేనని మీ జవాబు చదివాక అర్థమైంది. మైల్స్ పెదవిని నేనేమీ తప్పుబట్టలేదు.

మూడో వాల్వు గారూ, బుకానన్ మాస్టారి సంగతి నాన్నకి చెప్పాను. "వణుకు రాకుండా తిన్నగా వాయించాడా? పొగరుబోతు" అన్నాడు. ఆయన నోట పొగరుబోతు అంటే మెచ్చుకోలే.

ఒక చిన్న సందేహం. 'ద పాన్ పైపర్' అనే ముక్క అచ్చం గంగిరెద్దుల వాడి సన్నాయిలా వినిపించింది. నా చెవిలోనే తేడా ఉందా?

మూడో వాల్వు:

మీ చెవికేం, భేషుగ్గా ఉంది. ఆ బాణీ స్పెయిన్‌లోని గలీషియాది. ఆలన్ లోమాక్స్ అనే ఆయన ఊళ్ళు తిరిగి జానపద సంగీతం టేపు చేసేవాడు, దానిలోంచి తీసుకున్నారు. అక్కడ పందులకి విత్తులు కొట్టేవాడు తాను వచ్చినట్టు ఊరికి తెలియడానికి చిన్న పిల్లంగోవి గుత్తి ఊదుకుంటూ వీధుల వెంట వచ్చేవాడు. ఆ పిలుపే ఇది! మన వీధిలో కత్తులు సాన పట్టేవాడి కేక లాంటిదన్నమాట. దాన్ని తీసుకొచ్చి గిల్ ఎవాన్స్ ఫ్లూట్లూ వీణలాంటి హార్పూ మధ్య కూర్చోబెట్టాడు.

మీకు ఇంకోటి తప్పకుండా వినిపించాలి. మాంట్రోలో వాయించలేదు, 1960 నాటి 'స్కెచెస్ ఆఫ్ స్పెయిన్' రికార్డులో ఉంది: 'సయేతా'. ఈస్టర్ ముందు వారం స్పెయిన్‌లోని సెవిల్ వీధుల్లో విగ్రహాల ఊరేగింపు వస్తుంది, ముందు బ్యాండు. ఒక చోట బ్యాండు ఆగుతుంది. పైన బాల్కనీలోంచి ఒకామె వాద్యాలేవీ లేకుండా గొంతెత్తి పాడుతుంది. పాట అవగానే బ్యాండు మళ్ళీ కదులుతుంది. రికార్డులో ఆ ఆమె గొంతు మైల్స్ ట్రంపెట్. మీ నాన్నగారికి ఊరేగింపులు కొత్త కాదుగా.

లేమన్ తీరం:

పనిమీద మూడేళ్ళు స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉన్నాను, మాంట్రో రైల్లో పాతిక నిమిషాలు. ఉప్పుకారం గారు పాతవి వాయించడం పడని మనిషి అన్నది నిజమే. కానీ గిల్ ఎవాన్స్ 1988లో పోయాడు. దాదాపు నలభై ఏళ్ళ స్నేహం. గిల్ బతికుండగా తిరిగి చెయ్యని పని గిల్ పోయిన మూడేళ్ళకి మైల్స్ చేశాడు. నేను దాన్ని పాత ఇడ్లీ అనను, తద్దినం అంటాను. తద్దినంలో వంట రుచి గురించి మాట్లాడం కదా.

ఊరు మాత్రం ఏం చెప్పను, ఒకవైపు సరస్సు, అవతల మంచుకొండలు, ఒడ్డున పూలతొట్లు. అంత శుభ్రమైన చోట అంత బొంగురు స్వరం ఎలా విన్నారో! చాలామంది రాక్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ విగ్రహం దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోతారు. నేనూ మొదటిసారి అదే చేశాను.

ఉప్పుకారం:

తద్దినం మాట బాగుంది. అయినా నేను 1957దే వింటా.

ఎర్రకోటు:

అందరికీ థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను, పొలం పనుల్లో ఉండిపోయా.

ఆదివారం నాన్నకి వినిపించాను. ఫోను స్పీకరు చిన్నదని స్టీలు గిన్నెలో పెట్టాను, ఆయన గిన్నె తీసేయమన్నాడు, "స్వరానికి గిన్నె మోత వస్తోంది" అని. ముందు మీరు చెప్పిన 'సయేతా' పెట్టాను. బ్యాండు దూరం నుంచి దగ్గరికొస్తుంటే లేచి కూర్చున్నాడు. మధ్యలో అది ఆగి ట్రంపెట్ ఒక్కటే మిగిలినప్పుడు, "హారతి ఇచ్చేటప్పుడు మేమూ ఇలాగే ఆగేవాళ్ళం" అన్నాడు.

తర్వాత మాంట్రో. చివర్లో 'సొలియా' ఉంటుంది, సైడు డ్రమ్ము ఒకటే నడక మీద నడుస్తుంది. మైల్స్ పోయిన సంగతి, జబ్బు సంగతి నేను నాన్నకి చెప్పలేదు. కావాలనే. నా ప్రశ్న అదే కదా, తెలియకపోతే ఎలా వింటారని.

కళ్ళు మూసుకుని విన్నాడు. పన్నెండేళ్ళ కిందట ముందు పన్ను ఊడాక ట్రంపెట్ ముట్టుకోలేదు. మౌత్‌పీసు ఆనడానికి ఆ పన్నే ఆధారం. కట్టుడు పన్ను పెట్టించినా ఆయనకి కుదరలేదు. అలాంటి మనిషి పెదవి ఆ పాటకి బిగుసుకోవడం చూశాను. మూలలు లోపలికి లాగి, మధ్యలో చిన్న సందు. కుడిచేతి మూడు వేళ్ళూ లుంగీ మీద కదులుతున్నాయి.

ఒకచోట స్వరం పగిలింది. నాన్న వేళ్ళు ఆగాయి. "పెదవి అయిపోయిందిరా ఈయనకి" అన్నాడు. ఇంకో నాలుగు క్షణాలాగి, "పక్కనున్నాయన మంచోడు, ఇంకా అందుకోలేదు చూడు" అన్నాడు.

అది పగిలిన చోట రోనీ అందుకోవాల్సిన వంతు ఉందో లేదో నాకు తెలియదు. మళ్ళీ వెనక్కి జరిపి పెట్టమన్నాడు. మూడుసార్లు పెట్టాను. తర్వాత అటక మీది పెట్టె దించమన్నాడు. వాల్వులు మూడూ బిగుసుకుపోయి ఉన్నాయి. ఇంట్లో కుట్టుమిషను నూనె ఉంది, అది పనికొస్తుందా? మూడో వాల్వు గారూ, చూసి చెప్పండి.

మూడో వాల్వు:

పొయ్యొద్దు! ముందు వాల్వులు ఊడదీసి గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడగండి. రాకపోతే బలవంతంగా లాగొద్దు. ఏది ఏ గొట్టంలోదో గుర్తు పెట్టుకోండి, వాటి మీద అంకెలు ఉంటాయి. వాల్వు నూనె గుంటూరులో వాద్యాల కొట్లో అడగండి, దొరక్కపోతే నా దగ్గర సగం సీసా ఉంది, పంపిస్తాను.