స్టార్మ్‌ట్రూపర్ హెల్మెట్ కేసు: అచ్చు పోసినవాడు అమ్ముకోకూడదా?

థేమ్స్ ఒడ్డు
ఈ గ్రూపులో ప్రాప్‌లు (సినిమాల్లో వాడే కత్తులు, హెల్మెట్ల లాంటి సామాన్లు) చేసేవాళ్లూ కొనేవాళ్లూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. స్టార్ వార్స్ మొదటి సినిమాలో తెల్ల హెల్మెట్ల సైనికులు గుర్తున్నారుగా. ఆ హెల్మెట్లు 1976లో తయారుచేసింది లండన్ శివారు ట్వికెన్‌హామ్‌లో ఆండ్రూ ఎయిన్స్‌వర్త్ అనే ఆయన. అంతకుముందు ప్లాస్టిక్ షీటుతో పడవలు, తోటల్లో పెట్టుకునే చేపల తొట్లు చేసేవాడు. 2004లో తన పాత అచ్చులతోనే మళ్లీ హెల్మెట్లు చేసి ఇంటర్నెట్‌లో అమ్మడం మొదలుపెట్టాడు. ఆ సినిమా తీసిన కంపెనీ లూకాస్‌ఫిల్మ్ కేసు వేసింది. అమెరికా కోర్టులో ఆయన వాదించలేదు కాబట్టి 2006లో 2 కోట్ల డాలర్లు కట్టమని తీర్పు వచ్చింది. అమెరికాకు ఆయన అమ్మిన సరుకు విలువ కొన్ని వేల డాలర్లు! ఆ డబ్బు వసూలు చేద్దామని కంపెనీ ఇంగ్లాండుకు వస్తే ఇక్కడి కోర్టులు కుదరదన్నాయి. 2011 జులైలో సుప్రీంకోర్టు కూడా, ఇంగ్లాండు చట్టం ప్రకారం ఆయన కాపీరైటు ఉల్లంఘించలేదని చెప్పింది. నాకైతే న్యాయం గెలిచిందనే అనిపిస్తుంది. మీరేమంటారు?

అచ్చు మాస్టారు
ఇందులో అడగడానికేముంది అన్నా? చేతులు ఆయనవి, అచ్చు ఆయనది, చెమట ఆయనది. కంపెనీ ఆ హెల్మెట్ బొమ్మతో తువ్వాళ్ల దగ్గర్నుంచి టిఫిన్ డబ్బాల దాకా అమ్ముకుంది. చేసినాయన నాలుగు అమ్ముకుంటే దొంగా? నేను ఇరవై ఏళ్లుగా ఫైబర్ పని చేస్తున్నా. డ్రాయింగు ఎవడైనా ఇస్తాడు. కాగితం మీద బాగుండేది నెత్తి మీద కూర్చోదు. కన్ను ఎక్కడ తెరవాలి, అచ్చులోంచి షీటు చిరక్కుండా ఎట్లా ఊడిరావాలి, ఇవన్నీ తేల్చేది మేమే.

పాప్‌కార్న్ పాపారావు
2 కోట్ల డాలర్లకు ఎన్ని హెల్మెట్లు అమ్మాలో లెక్క వేస్తున్నా. చేపల తొట్లే నయం.

రేఖ గీతలు
మాస్టారూ, "డ్రాయింగు ఎవడైనా ఇస్తాడు" అన్న ముక్క దగ్గర ఆగుదాం. ఆ రూపాన్ని ముందు ఊహించి రంగుల్లో వేసింది రాల్ఫ్ మెక్‌క్వారీ అనే చిత్రకారుడు. దాన్ని చూసి మట్టితో మూడు కొలతల్లో నమూనా చేసింది నిక్ పెంబర్టన్ అనే ఆయన. ఎయిన్స్‌వర్త్ ఆ మట్టి నమూనాను ప్లాస్టిక్‌లోకి దింపాడు. డిజైన్ నాదేనని కోర్టులో చెప్పుకున్నాడు, 2008లో హైకోర్టు జడ్జి మాన్ ఆ మాట నమ్మలేదు. పాపం పెద్దాయన అని జాలిపడే ముందు తీర్పు చదవండి. మీరు మెచ్చుకుంటున్న మనిషి ఇంకో ఇద్దరు కళాకారుల పనిని తన పేరు మీద వేసుకోబోయినవాడు.

థేమ్స్ ఒడ్డు
కానీ గెలిచాడుగా రేఖగారూ.

సెక్షన్ శాస్త్రి
ఎందుకు గెలిచాడో చెప్పకుండా "గెలిచాడు" అంటే లాభం లేదు. హెల్మెట్ "శిల్పం" కాదని తేలింది కాబట్టి గెలిచాడు. 1988 నాటి బ్రిటన్ చట్టంలో శిల్పానికి కాపీరైటు ఉంటుంది. మామూలు వస్తువుకు డ్రాయింగు ఉంటే, ఆ డ్రాయింగు మీద కాపీరైటు ఉన్నా, దాన్ని చూసి వస్తువు తయారుచేయడం ఉల్లంఘన కాదని సెక్షన్ 51 అంటుంది. హెల్మెట్ సినిమా తీయడానికి వాడిన సామగ్రి, కళాఖండం అంటే ఆ సినిమానే, అన్నది సుప్రీంకోర్టు దారి. జస్టిస్ మాన్ మంచి ఉదాహరణ ఇచ్చారు: ఇటుకల కుప్పను లండన్‌లోని టేట్ మోడర్న్ కళా గ్యాలరీలో రెండు వారాలు ప్రదర్శనకు పెడితే శిల్పం, అవే ఇటుకలు గోడ కట్టడానికి మన ఇంటి ముందు దింపితే కాదు.

త్రీడీ తమ్ముడు
అంటే నేను హెల్మెట్ ప్రింట్ చేసి గ్యాలరీలో పెడితే శిల్పమా బాస్ 😀

సెక్షన్ శాస్త్రి
నవ్వులాట కాదు తమ్ముడూ, చేసేటప్పుడు ఉద్దేశం ఏమిటన్నదే అక్కడ ముఖ్యం. ఇంకో సంగతి. 2016లో ఆ చట్టం మార్చేశారని, ఇప్పుడైతే ఎయిన్స్‌వర్త్ ఓడిపోయేవాడని కొందరు రాస్తుంటారు. 2016లో రద్దయింది సెక్షన్ 52, భారీగా తయారయ్యే కళాకృతులకు 25 ఏళ్ల గడువు పెట్టేది. 51 ఇంకా ఉంది. రెండూ కలిపేయకండి.

అచ్చు మాస్టారు
శాస్త్రిగారూ, సెక్షన్లు మీరే ఉంచుకోండి. శిల్పం కాదని అన్నందుకు నాకు సంతోషమూ లేదు. ఆయన గెలిచాడు గానీ, ఎట్లా గెలిచాడు? నువ్వు చేసింది కళ కాదు, ఇటుక అన్నారు కాబట్టి. అమ్ముకోమన్నారు, కళాకారుడివి మాత్రం కాదన్నారు. దీన్ని గెలుపు అంటారా?

న్యూజెర్సీ నాయుడు
నేను 501వ లీజియన్‌లో ఉన్నా, అందుకే రాస్తున్నా. 1997లో మొదలైన స్టార్ వార్స్ అభిమానుల సంఘం ఇది. మేం కవచాలు మేమే కూర్చుకుంటాం, పిల్లల ఆసుపత్రులకు, విరాళాల కార్యక్రమాలకు వెళ్తాం. ఒక్క పైసా తీసుకోం. కంపెనీ మమ్మల్ని ఆపలేదు సరికదా, 2007 జనవరి 1న పాసడీనాలో జరిగే రోజ్ పరేడ్ ఊరేగింపుకు, స్టార్ వార్స్ తీసిన జార్జ్ లూకాస్ గ్రాండ్ మార్షల్‌గా (ముఖ్య అతిథిగా) వచ్చినప్పుడు మా వాళ్లు వందల్లో కవాతు చేశారు. అభిమానులకూ కంపెనీకీ గొడవ లేదు. అభిమానం పేరు చెప్పి దుకాణం తెరిచినవాళ్లతోనే గొడవ.

అచ్చు మాస్టారు
నాయుడుగారూ, మీకు జీతం వేరే చోట వస్తుంది కాబట్టి ఊరికే చేస్తారు. కంపెనీకి ఖర్చు లేని ప్రచారం, ఎందుకు ఆపుతుంది? ఊరికే చేస్తే అభిమాని, కూలి అడిగితే దొంగ.

న్యూజెర్సీ నాయుడు
నేను దొంగ అన్నానా? పైన చదవండి.

త్రీడీ తమ్ముడు
మన దేశంలో అయితే ఇలాంటి నకళ్లు 50 లోపు చేసుకోవచ్చు అంట కదా. యూట్యూబ్‌లో ఒకాయన చెప్పాడు.

సెక్షన్ శాస్త్రి
ఈ 50 కథ ఇంకెన్ని చోట్ల చెప్పాలో! మన 1957 కాపీరైటు చట్టం సెక్షన్ 15(2) ఇది: డిజైన్‌గా రిజిస్టరు చేయించగలిగి కూడా చేయించని దాన్ని, పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి తయారుచేస్తే, ఆ డిజైన్ మీద కాపీరైటు పోతుంది. కానీ ఎవరు తయారుచేస్తే? హక్కుదారు, లేదా ఆయన అనుమతి ఉన్నవాళ్లు. నువ్వు నీ గదిలో చేసే 49 హెల్మెట్లకు ఆ సెక్షన్‌తో సంబంధమే లేదు. పైగా బొమ్మను చూసి మూడు కొలతల వస్తువు చేయడం కూడా నకలు కిందికే వస్తుందని సెక్షన్ 14 చెబుతుంది. 2025 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు క్రయోగ్యాస్, ఐనాక్స్ కేసులో ఈ 15(2) మీదే మాట్లాడింది: అది కళాకృతిగానే మిగిలిందా, పారిశ్రామికంగా వాడిన డిజైనా, ముఖ్యంగా పనికొచ్చే వస్తువా అని కేసు కేసుకూ చూడాలి అంది.

త్రీడీ తమ్ముడు
మరి 49 చేసి ఆపేస్తే?

సెక్షన్ శాస్త్రి
ఇప్పుడే కదయ్యా చెప్పాను!!

థేమ్స్ ఒడ్డు
అమెరికాలో ఇంకా కఠినం. బ్యాట్‌మొబైల్ కారు నకళ్లు చేసి ఒక్కోటి దాదాపు 90,000 డాలర్లకు అమ్మిన మార్క్ టౌల్ మీద, బ్యాట్‌మ్యాన్ హక్కులున్న డీసీ కామిక్స్ కంపెనీ కేసు వేసింది. ఆ కారు కూడా ఒక పాత్రేనని, కాపీరైటు ఉంటుందని 2015లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. కారు పాత్ర అట!

రేఖ గీతలు
ఎందుకు కాకూడదు? చూడగానే పేరు చెప్పేస్తారు, అంటే ఎవరో కూర్చుని ఆ రూపం ఆలోచించబట్టే కదా.

అచ్చు మాస్టారు
రేఖగారూ, మీరు మొదట్నుంచీ కంపెనీ వకాల్తా పుచ్చుకున్నారు. నా సంగతి వినండి. ఒక పెద్ద రాజుల సినిమాకు మా షెడ్డులో కత్తులు, డాళ్లు చేశాం. పగలు మౌల్డింగు, రాత్రి పెయింటింగు. టైటిల్స్‌లో టీ అందించిన అబ్బాయి పేరు కూడా ఉంది, మంచిదే, మా పేర్లు లేవు. సినిమా ఆడాక అభిమానులు ఫోన్లు చేసి కత్తి కావాలన్నారు. చేసి ఆన్‌లైన్‌లో పెట్టా. వారం తిరక్కుండా కంపెనీ ఫిర్యాదు చేసి తీయించింది. అదే కత్తి, పిడి తప్పుగా ఉన్న నాసిరకం సరుకు, జాతర్లలో బుట్టల్లో పోసి అమ్ముతున్నారు. వాళ్లకు నోటీసు పోదు. అడ్రసు ఉన్నవాడికే నోటీసు.

పాప్‌కార్న్ పాపారావు
మా బుడ్డోడి దగ్గర ఆ జాతర కత్తి ఉంది. పిడి రెండో రోజే ఊడింది, మాస్టారు చెప్పింది నిజం.

రేఖ గీతలు
కంపెనీ వకాల్తా అంటున్నారు కాబట్టి చెబుతున్నా. నేను సినిమాలకు కాన్సెప్ట్ బొమ్మలు (షూటింగుకు ముందు వస్తువులు ఎట్లా ఉండాలో చూపే బొమ్మలు) వేస్తాను. ఒక సినిమాకు వేసిన కిరీటం బొమ్మ బజార్లో టీషర్టుల మీద, ఫోన్ కవర్ల మీద కనిపించింది. అడిగితే దుకాణం అతను "అభిమానులం మేడమ్" అన్నాడు. నా బొమ్మ అమ్ముకుని బతికే ప్రతివాడూ అభిమానే. కంపెనీ నోటీసు పంపితే నాకు పైసా రాదు, అది నాకూ తెలుసు. కానీ ఆ నోటీసన్నా లేకపోతే నా గీతకు దిక్కెవరు?

అచ్చు మాస్టారు
టీషర్టు మీద అచ్చేసేవాడూ నేనూ ఒకటేనా? ఆ కత్తిని నేను చేశానండీ! నకలు కొట్టలేదు!

రేఖ గీతలు
సరే. మీరు ఆన్‌లైన్‌లో పెట్టిన కత్తి కింద ఏం రాశారు? "ఒరిజినల్ మేకర్" అని రాసుంటారు. ఆ కత్తి గీసినవాళ్ల పేరు రాశారా? మీ పేరు టైటిల్స్‌లో వేయలేదని కంపెనీ మీద కోపం. మీ అమ్మకంలో మా పేరు వేయకపోతే ఎవరి మీద కోపం రావాలి? ఇందాక "డ్రాయింగు ఎవడైనా ఇస్తాడు" అన్నారు. ఆ ఎవడైనా నేనే.

న్యూజెర్సీ నాయుడు
🔥

అచ్చు మాస్టారు
ఎవరు గీశారో మాకు చెప్తేగా! మా షెడ్డుకు వచ్చింది వాట్సాప్‌లో ఫోటో. మీద పేరు లేదు, సంతకం లేదు. పొడవెంత అని అడిగితే "హీరో ఎత్తు చూసి చేసెయ్" అన్నారు. పొడవు నేనే తేల్చా. పిడి దగ్గర వంపు నేనే మార్చా, లేకపోతే చెయ్యి తెగుద్ది. ఆ వంపే ఇప్పుడు పోస్టర్లో ఉంది. అది ఎవరిది? మీదా, నాదా?

రేఖ గీతలు
వంపు మీది. కత్తి మీది కాదు.

అచ్చు మాస్టారు
అయితే ఏం చేయమంటారు, సూటిగా చెప్పండి. పేరు వేస్తే చాలా, డబ్బు కావాలా?

రేఖ గీతలు
డబ్బు. పేరు కూడా.

అచ్చు మాస్టారు
ఇస్తా. ఎంతో చెప్పండి, ఇస్తా. కానీ మీరు కంపెనీకి సంతకం పెట్టి ఇచ్చేశాక, నాకు అనుమతి ఇవ్వడానికి మీ చేతిలో ఏం మిగిలింది? మీకు డబ్బిచ్చినా కంపెనీ నాకు నోటీసు ఇస్తుంది. ఇద్దరికీ ఎట్లా కట్టేది?

సెక్షన్ శాస్త్రి
ఇది అసలు ప్రశ్న, గంట నుంచి అందరూ దీని చుట్టూ తిరుగుతున్నారు. రేఖగారూ, మీ ఒప్పందంలో ఎంత కాలానికి హక్కులు ఇచ్చారో రాసి ఉందా? కాలం రాయకపోతే మన కాపీరైటు చట్టం సెక్షన్ 19 ప్రకారం ఐదేళ్లకే ఇచ్చినట్టు. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. మీరు జీతానికి చేరి గీస్తే వేరే లెక్క, అప్పుడు మొదటి హక్కు కంపెనీదే.

రేఖ గీతలు
జీతం కాదు, సినిమాకు ఇంతని మాట్లాడుకున్నాం. ఒప్పందం కాపీ నా దగ్గర లేదు. సంతకం చేయించుకుని తర్వాత పంపుతామన్నారు.

సెక్షన్ శాస్త్రి
మెయిల్ రాసి అడగండి, ఈరోజే. మాస్టారూ, మీది?

అచ్చు మాస్టారు
నాకు అసలు ఒప్పందమే లేదు.

థేమ్స్ ఒడ్డు
ఎయిన్స్‌వర్త్‌కు కూడా రాతకోతలు లేవు కదా శాస్త్రిగారూ. ఆయన బయటి మనిషి, ఉద్యోగి కాదు.

సెక్షన్ శాస్త్రి
లేవు. అయినా ఆయన పనిలో ఏ హక్కు ఉన్నా అది లూకాస్‌కే చెందాలన్నది చెప్పకుండానే ఒప్పుకున్నట్టు అని హైకోర్టు తేల్చింది. సినిమా కోసమని తెలిసి చేశాడు కాబట్టి. మన దగ్గర హక్కు బదిలీకి రాతపూర్వక సంతకం కావాలని సెక్షన్ 19 అంటుంది, కాబట్టి మాస్టారికి కొంచెం చోటు ఉండొచ్చు. మౌల్డులో ఆయన చేసిన మార్పు కాపీరైటు దొరికేంత సొంత పనా అన్నది వేరే గొడవ. మాస్టారూ, బిల్లు ఇచ్చారా?

అచ్చు మాస్టారు
బిల్లు ఎక్కడిదండీ. ప్రొడక్షన్ మేనేజర్ వోచర్ మీద సంతకం పెట్టించుకుని క్యాష్ ఇచ్చాడు.

సెక్షన్ శాస్త్రి
వోచర్ మీద ఏం రాసి ఉంది?

అచ్చు మాస్టారు
"కత్తులు, డాళ్లు - లేబర్" అని.

రేఖ గీతలు
లేబరా?

సెక్షన్ శాస్త్రి
ఫోటో ఉంటే నాకు పంపండి. ఆ మాట ఉంటే మీకు కష్టమే, అయినా చూద్దాం.

త్రీడీ తమ్ముడు
శాస్త్రిగారూ, చివరి డౌట్. ఒకటే చేసి ఇంట్లో గోడకు తగిలించుకుంటే?