పొగ పక్క దేశానిది, జరిమానా మన చట్టంది: సింగపూర్ పద్ధతి పనిచేస్తుందా?

జురాంగ్ వాసి:
ఇండోనేషియా దీవి సుమత్రాలో పామాయిల్ తోటల కోసం పీట్ నేలలు (కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడిన, మండే బురద నేలలు) తగలబెడితే ఆ పొగ పీల్చేది ఇక్కడ సింగపూర్‌లో మేము. 2013 జూన్‌లో గాలి కాలుష్య సూచీ 401కి పోయింది, 300 దాటితేనే ప్రమాదం అంటారు. మరుసటి ఏడాదే చట్టం తెచ్చారు: మంట ఏ దేశంలో పెట్టినా పొగ ఇక్కడికొస్తే ఆ కంపెనీకి రోజుకు లక్ష సింగపూర్ డాలర్ల దాకా, మొత్తం 20 లక్షల దాకా జరిమానా. నేనైతే ఇదే సరైన దారి అంటాను. ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) దేశాలు ఈ పొగ మీద 2002లో ఒప్పందం రాసుకున్నాయి, మంటలు ఎక్కువగా లేచే ఇండోనేషియా దాన్ని ఆమోదించేసరికి 2014 వచ్చింది. అన్నాళ్లు ముక్కు మూసుకుని కూర్చోమంటారా?

ప్లీడరు:
చట్టం బాగానే రాశారు, అమలు సంగతేంటి? 2015 పొగ తర్వాత కంపెనీలకు నోటీసులు పంపారు. ఒక డైరెక్టరు సింగపూర్ వచ్చి కూడా విచారణకు రాలేదని 2016లో కోర్టు నుంచి వారంటు తెచ్చారు, దానికి ఇండోనేషియా నిరసన తెలిపింది. అంతే. వేరే దేశం గడ్డ మీద సాక్ష్యం సేకరించాలంటే ఆ దేశం తలుపు తీయాలి కదండీ. అందరూ చెప్పే ట్రెయిల్ స్మెల్టర్ కేసే చూడండి, కెనడాలోని ఆ కరిగింపు కర్మాగారం పొగ వల్ల అమెరికాలోని వాషింగ్టన్ రైతుల పంటలు పాడైతే 1941లో ట్రిబ్యునల్ కెనడాను బాధ్యురాలిని చేసింది. కానీ అక్కడ రెండు దేశాలూ ముందే మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నాయి. ఆసియాన్ ఒప్పందంలో వివాదం వస్తే స్నేహపూర్వకంగా మాట్లాడుకుని తేల్చుకోవాలని రాసి ఉంది, కోర్టు ఊసే లేదు.

జురాంగ్ వాసి:
స్నేహపూర్వకంగానా! 2015లో ఇండోనేషియా ఉపాధ్యక్షుడు జూసుఫ్ కల్లా ఏమన్నారో గుర్తుందా, ఏడాదిలో 11 నెలలు మా అడవుల మంచి గాలి పీలుస్తారు, దానికి థాంక్స్ మాత్రం చెప్పరు అన్నట్టు మాట్లాడారు. ఇక సాక్ష్యం సంగతంటారా, ఫలానా భూమి ఫలానా కంపెనీదని మ్యాపులో ఉంటే అది దానిదేనని భావించే వీలు చట్టంలో ఉంది. కాదని నిరూపించుకోవాల్సింది కంపెనీయే.

ఏలూరోడు:
అన్నా, అసలు చిక్కు ఆ మ్యాపుల దగ్గరే. ఏ తోట ఎవరికిచ్చారన్న మ్యాపులు బయటపెట్టడానికి ఇండోనేషియా మా చట్టాలు ఒప్పుకోవని అడ్డం పడుతూ వచ్చింది. పైగా పీట్ మంట నేల లోపల రాజుకుంటూ వారాల తరబడి ఉంటుంది, ఒకరి భూమిలో పుట్టి పక్కోడి భూమిలో లేస్తుంది, అప్పుడు కంపెనీ "మేం కాదు, పక్క ఊరి రైతులు" అంటుంది, కొన్నిచోట్ల అది నిజం కూడా. ఇంకోటి, మనం వడలు, మిక్చర్ వేయించేది ఏ నూనెలో? పామాయిల్ దిగుమతిలో మన దేశం ముందు వరుసలో ఉంది, ఎక్కువ వచ్చేది ఇండోనేషియా, మలేషియాల నుంచే. కొనేవాళ్లం కాబట్టి ఏ తోట సరుకో చూపించమని అడిగే బలం మనకుంది. జురాంగ్‌లో జరిమానా రాసే బదులు కాకినాడ పోర్టులో కాగితాలు అడిగితే కంపెనీకి ఎక్కువ నొప్పి పుడుతుందని నా వాదన.

ప్లీడరు:
తమ్ముడూ, ధర పెరిగితే ముందు గోల చేసేది మనవాళ్లే, ఏ ప్రభుత్వం అడుగుతుంది? నన్నడిగితే ఇండోనేషియా సొంత కోర్టులే నయం. ఆచే ప్రాంతంలో త్రిపా పీట్ అడవిని తగలబెట్టిన కంపెనీని అక్కడి ప్రభుత్వమే కోర్టుకు లాగితే 366 బిలియన్ రుపయా కట్టమని తీర్పొచ్చింది, 2015లో సుప్రీంకోర్టూ సమర్థించింది. ఆ ఏడాది మంటల వల్ల వాళ్లకే దాదాపు 16 బిలియన్ డాలర్ల నష్టమని ప్రపంచ బ్యాంకు లెక్క కట్టింది, 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. పొగ ముందు కమ్మేది సుమత్రా, కాలిమంతాన్ పిల్లల్నే.

జురాంగ్ వాసి:
తీర్పు సరే, డబ్బు వసూలుకు ఏళ్లు పట్టింది కదండీ. అక్కడా ఇక్కడా రెండుచోట్లా కేసు భయం ఉంటేనే బ్యాంకులు ఆ కంపెనీలకు అప్పివ్వడానికి వెనకాడతాయి, వాటిలో చాలావాటికి ఆఫీసులు, అప్పులు ఇక్కడే ఉన్నాయి. అందుకే ఈ చట్టం తీసేయొద్దంటాను.