ఆర్ట్ పోర్ట్‌ఫోలియోకి సామాను ఖర్చు ఎలా లెక్కేసుకోవాలి?

ఖాళీకాగితం:
ఫైన్ ఆర్ట్స్ ప్రవేశానికి నాలుగు నెలల్లో 15 బొమ్మలు సిద్ధం చేయాలి. పెన్సిల్, చార్‌కోల్, వాటర్ కలర్, కొంత అక్రిలిక్ అనుకుంటున్నాను. దేనికి డబ్బు పెట్టాలి, ఎక్కడ తగ్గించినా పర్వాలేదు? ముందుగా తట్టని ఖర్చులేమైనా ఉంటాయా?

కుంచెపని:
ఏదైనా కొనేముందు, కాలేజీ ఏ సైజు అడుగుతోందో, అసలు బొమ్మలే కావాలా ఫొటోలు చాలా అన్నది చూడండి. లెక్కంతా దాని మీదే ఉంటుంది.

డబ్బు మొదట కాగితానికే. స్టూడెంట్ రంగులతో మంచి కాగితం మీద చక్కగా పని నడుస్తుంది. కాగితం నాసిరకమైతే ఖరీదైన రంగు కూడా మచ్చలు కడుతుంది. వాటర్ కలర్‌కి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) తీసుకోండి. 200ది తడవగానే ఉబ్బి అలల్లా లేస్తుంది, రంగు పల్లాల్లోకి జారి అక్కడే ఆరిపోతుంది. అదే వాడాలంటే ముందు నీళ్లలో నానబెట్టి, నీళ్లతో తడిపి అంటించే గమ్ టేపుతో నాలుగు వైపులా బోర్డుకి అతికించి, పూర్తిగా ఆరాక రంగు వేయాలి. మాస్కింగ్ టేపు తడి కాగితానికి పట్టదు.

ప్యాడ్ కన్నా విడి షీట్లు కొని కోసుకుంటే సాధారణంగా కలిసొస్తుంది. కాకపోతే ఒక చిక్కుంది. వాటర్ కలర్ ఫుల్ షీటు 56×76 సెం.మీ. నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 28×38. ఏ3 అంటే 29.7×42. పావు షీటు రెండు వైపులా చాలదు! కచ్చితంగా ఏ3యే కావాలంటే షీటుకి నాలుగు కాదు, రెండే వస్తాయి. అంటే కాగితం ఖర్చు రెట్టింపు.

పాడయ్యేవీ, మళ్లీ వేయాల్సినవీ ఉంటాయి కాబట్టి 15 బొమ్మలకి 30 ముక్కలు పెట్టుకోండి. రఫ్ స్కెచ్‌లకి న్యూస్‌ప్రింట్ చాలు. ఫైనల్ మాత్రం దాని మీద వేయొద్దు, పసుపెక్కిపోతుంది.

రంగుపెట్టె:
24 రంగుల పెట్టె జోలికి పోవద్దు. పసుపు, ఎరుపు, నీలం రెండేసి, ఒక బర్న్‌ట్ సియెనా (ఎర్రటి గోధుమ రంగు) చాలు. ట్యూబు మీద పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) కోడ్ చూడండి. అల్ట్రామెరీన్ నీలం అయితే పీబీ29 అని ఉంటుంది. ఒక్కో ట్యూబు మీద ఒక్క కోడే ఉన్నవి ఏరుకోండి. మూడు పిగ్మెంట్లు కలిపిన రంగుని ఇంకోదానితో కలిపితే తొందరగా బురద రంగులోకి దిగుతుంది. పేరు చివర 'హ్యూ' అని ఉంటే అసలు పిగ్మెంట్ బదులు వేరేది వాడారని అర్థం. పనికిరాదని కాదు, కలిపినప్పుడు ఫలితం మారుతుంది.

అక్రిలిక్‌లో తెలుపు మిగతావాటికన్నా ముందే అయిపోతుంది, అదొక్కటి పెద్ద ట్యూబు కొనండి.

బ్రష్షులు సింథటిక్ చాలు: రౌండ్ 6, 10, ఒక అంగుళం ఫ్లాట్. అక్రిలిక్‌కి వేరే సెట్ ఉంచండి. రంగు కుచ్చు మొదట్లో, రేకు లోపల గట్టిపడితే వెంట్రుకలు విడిపోతాయి, మళ్లీ మొన రాదు. పాలెట్‌కి తెల్ల పింగాణీ ప్లేటు సరిపోతుంది, అక్కడ మిగుల్చుకోండి.

చివరిపొర:
చాలామంది లెక్క తప్పేది బొమ్మలు పూర్తయ్యాకే. నా సలహా, మొత్తంలో నాలుగో వంతు ముందే పక్కన పెట్టేయండి: ఫిక్సేటివ్ (చార్‌కోల్ పొడి రాలకుండా కొట్టే స్ప్రే), ఫొటోలు, ప్రింట్లు, ఫోల్డర్, కొరియర్, దరఖాస్తు ఫీజు.

చార్‌కోల్‌కి ఫిక్సేటివ్ 30 సెం.మీ. దూరం నుంచి, పల్చగా రెండు మూడు సార్లు, ఆరనిచ్చి ఆరనిచ్చి, ఆరుబయట కొట్టండి. ఒకేసారి దట్టంగా కొడితే చుక్కలు పడి టోన్ నల్లబడుతుంది. ముందు తుక్కు కాగితం మీద చూసుకోండి. తర్వాత బొమ్మల మధ్యలో గ్లాసిన్ పేపర్ (నున్నటి పల్చటి కాగితం) పెట్టండి. నేరుగా ప్లాస్టిక్ స్లీవ్‌లో పెడితే, స్థిర విద్యుత్తుకి పొడి ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది.

ఏ3ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ప్రింట్ తీయాలంటే 3508×4961 పిక్సెళ్లు కావాలి. 12 మెగాపిక్సెల్ ఫొటో దానికి చాలదు, స్క్రీన్ మీద చూపడానికైతే ఇబ్బంది లేదు. రెండు పక్కలా ఒకే రకం లైట్లు 45 డిగ్రీల్లో పెట్టండి. కిటికీ వెలుగు, బల్బు వెలుగు కలిస్తే సగం బొమ్మ పసుపు, సగం నీలంగా వస్తుంది, సరిచేయడం చాలా కష్టం. అన్నీ ప్రింట్‌కి ఇచ్చేముందు ఒక్కటి తీసి చూడండి, సాధారణంగా స్క్రీన్ మీద కన్నా ముదురుగా వస్తాయి.

ఖాళీకాగితం:
చాలా థ్యాంక్స్ అండీ. ఒక ఆయిల్ కూడా పెట్టొచ్చా?

కుంచెపని:
పెట్టొచ్చు, కానీ దాంతోనే మొదలుపెట్టండి. పల్చటి పొరే ఆరడానికి రోజులు పడుతుంది, మందంగా పూస్తే నాలుగు నెలలకీ లోపల పచ్చిగానే ఉండొచ్చు. పై పొరలో నూనె కింది పొరకన్నా ఎక్కువుండాలి, తిరగబడితే పగుళ్లొస్తాయి. టర్పెంటైన్, నూనె, విడిగా బ్రష్షులు, ఇంత సామాను ఒక్క బొమ్మకోసం అనిపిస్తే ఆ డబ్బు కాగితంలో పెట్టండి.