చిన్న మంచినీటి అక్వేరియంలో ఏయే చేపలు కలిసి ఉండగలవు?

ప్రశ్న

60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గాజు తొట్టెను సిద్ధం చేస్తున్నాను. లెక్కకు 54 లీటర్లు పట్టాలి గానీ, ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోను 45 లీటర్ల నీళ్లు ఉంటాయేమో. ఫిల్టరు, హీటరు ఉన్నాయి. రెండు ఏంజెల్ చేపలు, ఒక మగ ఫైటర్, ఆరు గప్పీలు, పది నియాన్ టెట్రాలు, నాచు తినడానికి ఒక సక్కర్ చేప వేయాలని ఆలోచన. వీటిలో ఒకదానితో ఒకటి పొసగనివి ఉంటే, వాటికి బదులు ఏవి ఎంచుకోవాలో అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

జవాబు 1

ఏంజెల్ చేపలనూ సక్కర్ చేపనూ ముందే పక్కన పెట్టండి. ఏంజెల్ చేపలు పిల్లలుగా ఉన్నప్పుడు నియాన్ల జోలికి పోవు గానీ, 15 సెంటీమీటర్ల దాకా పెరిగాక నోట్లో పట్టే ప్రతి చేపా వాటికి ఆహారమే. పైగా నిలువుగా సాగే వాటి రెక్కలకు మీ తొట్టె ఎత్తు చాలదు. సక్కర్ చేప పేరుతో దొరికే సాధారణ ప్లెకో 30 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, అంటే మీ తొట్టెలో అది వెనక్కి తిరగడమే కష్టం. అమ్మేటప్పుడు అది వేలెడంత ఉంటుంది కాబట్టి ఈ సంగతి ఎవరికీ తట్టదు.

మగ ఫైటర్, గప్పీల కలయిక కూడా మంచిది కాదు. రంగురంగుల విశాలమైన తోక ఉన్న మగ గప్పీని అది తన పోటీదారుగా భావించి వెంటపడి కొరుకుతుంది. కొన్ని ఫైటర్లు సాధువుగా ఉంటాయన్నది నిజమే గానీ, ఏది సాధువో కలిపి ఉంచితే తప్ప తెలియదు, ఆ పరీక్షలో నష్టపోయేది గప్పీయే.

ఎన్ని చేపలు అన్నదానికి, ఇన్ని లీటర్లకు ఇన్ని సెంటీమీటర్ల చేప అన్న సూత్రం ప్రచారంలో ఉంది. దాన్ని నేను నమ్మను. పొడవు రెట్టింపైతే చేప బరువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది, అది విసర్జించే వ్యర్థం కూడా ఆ బరువుకు తగ్గట్టే పెరుగుతుంది.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తాను గానీ, మిగిలిన గప్పీలూ నియాన్లూ కలిసి ఉండగలవా అన్నది అందులో తేలలేదు. రెండూ శాంత స్వభావం గలవే. తేడా వచ్చేది నీటి దగ్గర. నియాన్లు అమెజాన్ పరీవాహక ప్రాంతంలో, రాలిన ఆకులు నాని కొద్దిగా ఆమ్లగుణం వచ్చిన మృదు జలాల్లో పుట్టిన జాతి. గప్పీలకు పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7కు పైన, అంటే క్షారం వైపు ఉండి, లవణాలు బాగా కరిగిన కఠిన జలం పడుతుంది. ఫారాల్లో పెంచిన నియాన్లు మధ్యస్థమైన నీటికి అలవాటు పడతాయి కాబట్టి రెండింటినీ కలిపి పెంచేవారు ఉన్నారు, అయితే మీ నీరు ఏ వైపు మొగ్గి ఉన్నా వాటిలో ఒక జాతికి ఇబ్బందే.

అందుచేత ముందు మీ నీటిని పరీక్షించి, ఆ నీటికి తగిన చేపలను తెచ్చుకోండి. మందులు పోసి పీహెచ్ తగ్గించే ప్రయత్నం చేయకండి. కఠిన జలంలో అది మళ్లీ పైకి వస్తుంది, ఈ ఊగిసలాట చేపలకు ఎక్కువ హాని చేస్తుంది. మృదు జలమైతే పది నియాన్లు లేదా ఎనిమిది హార్లెక్విన్ రాస్బోరాలు, అడుగున ఆరు పిగ్మీ కోరీడోరాలు, ఒక హనీ గౌరామి చక్కగా సరిపోతాయి. గుంపుగా బతికే చేపలను రకానికి రెండేసి తేవడం కన్నా ఒకే రకాన్ని నిండుగా ఉంచితే వాటికి బెరుకు తగ్గుతుంది, చూడటానికీ అదే బాగుంటుంది.

ప్రశ్న అడిగినవారు

పరీక్షించాను. పీహెచ్ 7.6, కఠినత్వం (కరిగిన లవణాల కొలత) 14 జర్మన్ డిగ్రీలు, అంటే కఠిన జలమే. దీన్నిబట్టి నియాన్లను విరమించుకుంటున్నాను. గప్పీలను జంటలుగా వేయవచ్చా? నాచు సంగతి ఏమిటి?

జవాబు 2

మగవాటిని మాత్రమే, ఎనిమిది వరకు వేయండి. ఆడ గప్పీ సుమారు నెలకొకసారి పిల్లల్ని పెడుతుంది. ఒక్కసారి జతకట్టాక వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలదు కాబట్టి ఆడవాటిని ఒంటరిగా తెచ్చినా పిల్లలు పుట్టడం ఆగదు. మగవి ఒకదాన్నొకటి తరుముకోవడం మామూలే, మొక్కలు దట్టంగా ఉంటే అది గొడవ దాకా పోదు. నాచుకు రెండు మూడు నెరైట్ నత్తలు చాలు. వాటి గుల్లకు మీ కఠిన జలం మేలు చేస్తుంది. గాజు మీద తెల్లని గుడ్లు అంటించినా అవి మంచినీటిలో పిల్లలు కావు.

జవాబు 3

చేపల కన్నా ముందు ఫిల్టరులో బ్యాక్టీరియా స్థిరపడాలి. అది చేపల వ్యర్థం నుంచి వచ్చే విషపూరిత అమోనియాను నైట్రైట్‌గా, అదీ విషమే కాబట్టి దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే దశకు రావడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీ పీహెచ్ వద్ద అమోనియాలో విషపూరితమైన భాగం ఆమ్ల జలంలో కన్నా ఎక్కువ కాబట్టి, ఈ దశను దాటవేయడం మీకు మరింత ప్రమాదకరం. చేపలు లేని తొట్టెలో కొద్దిగా అమోనియా కలుపుతూ ఉండి, అదీ నైట్రైటూ 24 గంటల్లో సున్నాకు దిగుతున్నాయని తేలాక, నీళ్లు చాలావరకు మార్చి మొదట మూడు నాలుగు గప్పీలను వేయండి. రెండు వారాల పాటు పరీక్షలో రెండూ సున్నాగానే ఉంటే మిగిలినవి తెచ్చుకోవచ్చు. నాచు పట్టడం మొదలయ్యేదాకా నత్తలను తేకండి, వాటికి తిండి దొరకదు.